మధ్యాహ్నం తిరిగి రాగల గది

మూడు నాలుగు రోజుల కోసం యూరప్‌లోని ఒక పాత నగరానికి వెళ్లాలనుకున్నవాళ్లు హోటల్ వెతకడం మొదలుపెట్టగానే ముందు చూసేది రేటు, తర్వాత రేటింగు, ఆ తర్వాత గది ఫొటోలు. అది ఊళ్లో ఎక్కడుందన్న సంగతి చివరికి మిగులుతుంది. అప్పటికే ఒక గది మనసుకు నచ్చేసి ఉంటుంది కాబట్టి ‘అయిదు కిలోమీటర్లేగా, మెట్రో ఉందిగా’ అని సరిపెట్టుకుంటారు. ఈ వరస తిరగబడాలన్నది ఈ అధ్యాయంలో నా వాదన. నడిచి చూడదగ్గ నగరంలో హోటల్ ఎంచుకునేముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది: మధ్యాహ్నం ఒంటిగంటకు, పొద్దుటి నుంచీ చూస్తున్న చోటు నుంచి, పదిహేను నిమిషాల్లో గదికి చేరి, గంటన్నర నడుం వాల్చి, మళ్లీ బయటికి వెళ్లగలమా? ‘చూసే చోట్లకు దగ్గర’ అని మామూలుగా అనుకునేదానికీ దీనికీ తేడా ఉంది. ఉదయం ఒకసారి వెళ్లడానికి అరగంట రైల్లో కూర్చుంటే పెద్ద నష్టమేమీ లేదు. అసలు నష్టం మధ్యలో తిరిగి రాలేకపోవడంలో ఉంది. దూరపు హోటల్‌లో దిగినవాళ్లు పొద్దున తొమ్మిదికి బయటపడితే రాత్రి తొమ్మిదికే గది మొహం చూస్తారు. దగ్గరి హోటల్‌లో దిగినవాళ్లకు ఒక్కరోజులోనే రెండు పూటలు దొరుకుతాయి, రెండూ తాజాగా.

రెండు పూటల వల్ల ఏం ఒరుగుతుందో తెలియాలంటే ముందు ఒంటి సంగతి చూడాలి. మధ్య యూరప్ గడియారం మనకన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక నడుస్తుంది. జూన్‌లో వియన్నాలో సాయంత్రం ఏడు గంటలంటే, అప్పుడే విమానం దిగినవాళ్ల ఒంటికి అది రాత్రి పదిన్నర. బయట ఎండ ఇంకా కాస్తూనే ఉంటుంది, పొద్దుగూకేది దాదాపు తొమ్మిదికి. ఊరు అందంగా కనిపించే ఆ రెండు గంటలూ మనవాళ్లు కళ్లు మూతలు పడుతూ మెట్రోలో గడుపుతారు. మధ్యాహ్నం కునుకు తీసినవాళ్లకు ఆ సాయంత్రం దక్కుతుంది. దీనికి తోడు, పాత నగరాల్లో నడక అంటే రాతి పలకల మీద నడక. మ్యూజియంలో గంటల తరబడి నిలబడటం మోకాళ్లకు నడక కన్నా కష్టం. మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు అమ్మానాన్నల్ని పిలిపించుకుని, అక్కడి నుంచి వియన్నా చూపించడానికి తీసుకెళ్లడం ఇప్పుడు మన కుటుంబాల్లో మామూలైపోయింది. మ్యూనిక్ నుంచి రైల్లో నాలుగు గంటలు. ఆ ప్రయాణంలో పెద్దవాళ్లకు భోజనం వేళ తప్పకూడదు, మాత్రలు వేళకు పడాలి, ఇన్సులిన్ చల్లగా ఉండాలి. ఇంకో ఇబ్బందిని వాళ్లు పైకి చెప్పరు. యూరప్ నగరాల్లో బయటి టాయిలెట్లు చాలాచోట్ల డబ్బిస్తే కాని తెరుచుకోవు, అవీ అడుగడుగునా ఉండవు. దారిలో ఇబ్బంది పడతామన్న భయంతో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నీళ్లు తాగడం తగ్గించేస్తారు. వియన్నాకు 1873 నుంచీ ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి, వీధి కుళాయిల్లో ఎంత కావాలంటే అంత ఉచితం. ఆ నీళ్లున్న ఊళ్లో దాహంతో తిరగాల్సి రావడం నాకు బాధ కలిగించే విషయం. పది నిమిషాల దూరంలో సొంత బాత్రూమ్ ఉందన్న ధీమా ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది.

ఈ పదిహేను నిమిషాల పరీక్ష అసలు సాధ్యపడుతున్నదంటే దానికి కారణం చరిత్రలో ఉంది. యూరప్‌లోని పాత నగరాలు కాలినడక కాలంలో, కోటగోడ లోపల పుట్టాయి. గోడ కట్టడం ఖర్చుతో కూడిన పని కాబట్టి ఊరు వీలైనంత ఇరుకుగా సర్దుకునేది. రాజు ఇల్లు, పెద్ద చర్చి, అంగడి, న్యాయస్థానం అన్నీ ఒక మనిషి పొద్దున్నే బయల్దేరి చుట్టిరాగలిగినంత మేరలోనే ఉండేవి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ గోడల అవసరం తీరింది. 1857 డిసెంబర్‌లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి వియన్నా కోటగోడలు పడగొట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. వాటి స్థానంలో వేసిన రింగ్‌స్ట్రాసె అనే విశాలమైన రహదారి 1865 మే 1న ప్రారంభమైంది. అయిదు కిలోమీటర్ల పైచిలుకు పొడవుతో అది పాత ఊరిని లాడం ఆకారంలో చుట్టి ఉంటుంది, తెరిచి ఉన్న వైపును డాన్యూబ్ కాలువ మూసేస్తుంది. ఈ లాడం లోపలి భాగం సుమారు మూడు చదరపు కిలోమీటర్లు. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఆగకుండా నడిస్తే అరగంట పట్టదు. స్టెఫాన్స్‌ప్లాట్జ్‌లోని పెద్ద చర్చి నుంచి ఒపేరా భవనానికి పది నిమిషాలు, ఒపేరా నుంచి కళల మ్యూజియానికి మరో పది నిమిషాలు. ఒక్క వియన్నాలోనే ఇలా జరగలేదు. పోలండ్‌లోని క్రాకోలో గోడ కూలగొట్టి, ఆ జాగాలో పాత ఊరి చుట్టూ తోట పెంచారు. ఫ్లోరెన్స్‌లో 1860ల్లో గోడలు తీసి చెట్లున్న వెడల్పు రోడ్లు వేశారు. అందుచేత ఏ పాత యూరప్ నగరానికైనా మ్యాప్ తెరవగానే ముందు ఈ గోడ జాడ వెతకండి. పేరు ఏదైనా, ఊరి నడుమ ఒక గుండ్రటి రోడ్డో ఉద్యానవనమో చాలాసార్లు కనిపిస్తుంది. దాని లోపల, లేదా దాని బయటి అంచుకు ఆనుకుని ఉన్న రెండు మూడు వీధుల్లో మీ హోటల్ ఉంటే, పరీక్షలో సగం నెగ్గినట్టే.

ఇక్కడే మన అలవాటు ఒకటి అడ్డొస్తుంది. మన ఊళ్లలో లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా, లేదంటే రైల్వేస్టేషన్ రోడ్డులో. వచ్చిన పని చూసుకుని పోవడానికి అది తెలివైన పద్ధతే, అదే లెక్కతో వియన్నా వెళ్లేవాళ్లు కూడా ప్రధాన స్టేషన్ అయిన హాప్ట్‌బాన్‌హోఫ్ పక్కన గది తీసుకుంటారు. కానీ వియన్నాలో తొలి రైలు స్టేషన్లు కట్టేనాటికి కోటగోడ ఇంకా నిలబడే ఉంది. దాని బయట శివార్ల చుట్టూ మరో కాపుదల గోడ ఉండేది. రైళ్లను ఆ బయటే ఆపేశారు. ఆ రెండో గోడ కూడా తర్వాత పోయి, గుర్టెల్ అనే మరో చుట్టురోడ్డు వచ్చింది. 2014లో ప్రారంభమైన హాప్ట్‌బాన్‌హోఫ్ పాత దక్షిణ స్టేషన్ జాగాలోనే, ఆ గుర్టెల్ దగ్గరే ఉంది. అక్కడి నుంచి పెద్ద చర్చికి నడక అరగంటకు పైనే. అలాగని స్టేషన్ దగ్గరి హోటల్ అన్ని ఊళ్లలోనూ తప్పని కాదు. ఫ్లోరెన్స్‌లో శాంతా మరియా నొవెల్లా స్టేషన్ పాత గోడల లోపలే ఉంది, దిగి పది నిమిషాలు నడిస్తే బ్రూనెలెస్కీ గోపురం ఎదురవుతుంది. అక్కడ స్టేషన్ పక్కన దిగినా మధ్యాహ్నం గదికి రావచ్చు. కాబట్టి ‘స్టేషన్ దగ్గర’ అన్న మాటను అలవాటు కొద్దీ నమ్మకుండా, ఆ ఊళ్లో స్టేషన్ గోడకు ఏ వైపు పడిందో చూడాలి.

హోటల్ పేరులో ‘సెంట్రల్’, ‘సిటీ’, ‘జెంట్రుమ్’ అని ఉన్నా దాన్ని బట్టి ఏమీ తేలదు, పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. చిరునామాలోని పిన్‌కోడ్ మాత్రం చాలా నిజాయితీగా మాట్లాడుతుంది. వియన్నా పిన్‌కోడ్ నాలుగంకెలది, అందులో నడిమి రెండంకెలూ వార్డు నంబరు. 1010 అంటే ఒకటో వార్డు, రింగ్ లోపలి పాత ఊరు. 1040 అంటే నాలుగోది, వీడెన్. 1070 అంటే ఏడోది, నోయ్‌బావ్. ఈ రెండూ రింగ్‌కు బయట, దానికి దగ్గరగానే ఉంటాయి. కాలువ దాటితే 1020, లియోపోల్డ్‌స్టాట్. నడిమి అంకెలు తొమ్మిది దాటాయంటే మీరు గుర్టెల్ అవతలికో, డాన్యూబ్ అవతలికో, ఏదో ఒక దూరానికి పోయారని అర్థం. బుడాపెస్ట్‌లోనూ నడిమి రెండంకెలే వార్డు. పారిస్‌లో చివరి రెండంకెలు చూడాలి. 1860 నుంచీ ఆ నగరంలో ఇరవై వార్డులు లూవ్ర్ దగ్గర మొదలై నత్తగుల్ల చుట్టలా బయటికి తిరుగుతాయి కాబట్టి అంకె పెరిగేకొద్దీ దూరం పెరుగుతుందని స్థూలంగా అనుకోవచ్చు. ఈ ఒక్క అంకెతో వంద హోటళ్ల జాబితా పది నిమిషాల్లో ఇరవైకి దిగుతుంది.

మిగిలిన ఇరవైలో ఏరుకునేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. బుకింగ్ సైట్లు ‘సెంటర్ నుంచి 900 మీటర్లు’ అని చూపించే దూరం చాలాసార్లు కాకి ఎగిరే దూరం. నడుమ కాలువ ఉన్నా, రైలు పట్టాలున్నా, కొండ ఉన్నా ఆ అంకె మారదు. పైగా వాళ్ల సెంటర్ మీ సెంటర్ కానక్కర్లేదు. వియన్నాలో ఒక పూటంతా కళల మ్యూజియంలో, ఇంకో పూట దాని వెనకే పాత రాజాశ్వశాలల్లో ఏర్పాటైన మ్యూజియమ్స్‌క్వార్టియర్‌లో, సాయంత్రం నాష్‌మార్క్ట్ అంగట్లో గడపాలనుకునేవాళ్లకు పెద్ద చర్చి పక్కన దిగడం కన్నా రింగ్‌కు నైరుతి అంచున దిగడమే మేలు. సంగీతం కోసం వెళ్లేవాళ్లకు ఒపేరా భవనం, కార్ల్స్‌ప్లాట్జ్ చుట్టుపక్కల ఉండటం మేలు. అందుకని హోటళ్ల పేజీ తెరిచేముందే కచ్చితంగా చూసి తీరాలనుకున్న ఆరేడు చోట్లను మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి. వాటి నడిమి భాగం కంటికే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ఎటో విసిరేసినట్టు దూరంగా ఉంటుంది. వియన్నాలో అది షోన్‌బ్రున్ రాజభవనం. దాన్ని లెక్కలోకి తీసుకోకండి, దానికి ఒక పూట కేటాయించి మెట్రోలో వెళ్లి రండి. ఆ ఒక్కదాని కోసం హోటల్‌ను అటు జరిపితే మిగతా ఆరూ దూరమవుతాయి. ఆ తర్వాత నడక దారి చూపించే మ్యాప్‌లో హోటల్ గుమ్మం నుంచి ఒక్కో చోటికి ఎన్ని నిమిషాలో చూడండి. పిల్లలతో, పెద్దవాళ్లతో అయితే ఆ నిమిషాలకు సగం కలపండి.

ఇక అభ్యంతరాలు. మొదటిది, బలమైనదీ, డబ్బు. ఊరి నడుమ గదులు ఖరీదు, ఇది కాదనలేని మాట. ఉదాహరణకు బయటి వార్డులో గది రాత్రికి 80 యూరోలు, రింగ్ దగ్గర 125 యూరోలు అనుకుందాం. మూడు రాత్రులకు తేడా 135 యూరోలు. దీన్ని విడిగా చూస్తే పెద్ద మొత్తమే. కానీ మన దగ్గర్నుంచి వెళ్లే దంపతులు 2024 జూన్ నుంచీ షెంగెన్ వీసా ఫీజే మనిషికి 90 యూరోలు, ఇద్దరికీ 180 కడుతున్నారు. దానిపైన సర్వీసు చార్జీలు, విమానం టికెట్లు, సెలవు రోజులు. ఇంతా చేసి సంపాదించుకున్నవి ఆ ఊళ్లో మూడు పగళ్లు. ఇప్పుడు గంటల లెక్క వెయ్యండి. బయటి హోటల్ నుంచి గుమ్మం నుంచి గుమ్మానికి నలభై నిమిషాలైతే రాకపోకలకు రోజుకు ఎనభై నిమిషాలు, మూడు రోజులకు నాలుగు గంటలు. అది రోజుకు ఒక్కసారే వెళ్లొచ్చే లెక్క. మధ్యాహ్నం కూడా రావాలంటే ఎనిమిది గంటలు పోతాయి కాబట్టి ఎవరూ రారు. నడుమనున్న హోటల్‌కు పది నిమిషాల చొప్పున రోజుకు రెండు దఫాలు వెళ్లొచ్చినా మూడు రోజులకు రెండే గంటలు, అవి కూడా ఊరు చూస్తూ నడిచే గంటలు. రవాణా టికెట్లు, రాత్రి టాక్సీ, కాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా కూర్చోవడానికి కొనే కాఫీలు కలిపితే 135లో కొంత వెనక్కి వస్తుంది. మొత్తం వస్తుందని నేననను, అలా చెబితే అబద్ధమవుతుంది. మిగిలినది గంటలకు పెట్టిన ఖర్చు. అది నిజంగా భారమనిపిస్తే తగ్గించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నాలుగు నక్షత్రాల బదులు మూడు, పెద్ద గది బదులు చిన్నది, హోటల్ టిఫిన్ వద్దనుకోవడం, క్రిస్మస్ అంగళ్లతో కిక్కిరిసే డిసెంబర్ బదులు వేరే నెల, అదీ కుదరకపోతే నాలుగు రాత్రుల బదులు మూడు. దూరంలో నాలుగు రోజులుండటం కన్నా నడుమ మూడు రోజులుండటంలో ఎక్కువ చూడగలరని నా నమ్మకం.

తిండి విషయం కూడా ఈ లెక్కలోదే. శాకాహారం తినేవాళ్లకు, మన రుచులు మానలేని పెద్దవాళ్లకు రోజూ రెండు పూటలా బయటి తిండి వెతకడం కష్టం. పొడులు, ఆవకాయ, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా, పోహా ప్యాకెట్లు సంచిలో వెంట తీసుకెళ్తారు, కానీ అవి గదిలో ఉండిపోతాయి, మనం ఊళ్లో ఉంటాం. మధ్యాహ్నం గదికి రాగలిగితే ఆ సంచి పనికొస్తుంది. సూపర్‌మార్కెట్లో పెరుగు, పళ్లు, బ్రెడ్డు చవకగానే దొరుకుతాయి. గదిలో కెటిల్ ఉందో లేదో ముందే కనుక్కోండి, యూరప్ హోటళ్లలో అది తప్పనిసరిగా ఉండే వస్తువు కాదు. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు మూసేస్తారని కూడా గుర్తుంచుకోండి. ఆ రోజు తెరిచి ఉండేవి ఎక్కువగా పెద్ద రైల్వేస్టేషన్లలోనివే. గదిలో పొయ్యి పెట్టి వండటం మాత్రం చెయ్యకూడదు. పొగ అలారం మోగితే అందరికీ ఇబ్బంది, జరిమానా కూడా పడవచ్చు.

రెండో అభ్యంతరం మెట్రో తెలిసినవాళ్లది. వియన్నా మెట్రో శుభ్రంగా, తరచుగా, నమ్మకంగా నడుస్తుంది, శుక్ర, శనివారాల్లో రాత్రంతా కూడా నడుస్తుంది, అలాంటప్పుడు ఊరి నడుమ ఉండాల్సిన పనేముందని వాళ్లు అడుగుతారు. ఇందులో సగానికి నేను ఒప్పుకుంటాను. వియన్నాలో స్టెఫాన్స్‌ప్లాట్జ్ నుంచి లైను మారకుండా రెండో స్టాపు నెస్ట్రాయ్‌ప్లాట్జ్. ఆ స్టేషన్ మెట్ల పక్కనే హోటల్ ఉంటే పదిహేను నిమిషాల పరీక్ష నెగ్గుతుంది, రేటు కూడా తగ్గవచ్చు. కార్ల్స్‌ప్లాట్జ్‌కు ఒక్క స్టాపు అవతలి వీడెన్ కూడా అంతే. ఒప్పుకోని సగం ఏమిటంటే, ‘మూడు స్టాపులే’ అని చెప్పేటప్పుడు లెక్కలోకి వచ్చేది రైలు కదిలే సమయం మాత్రమే. హోటల్ నుంచి స్టేషన్‌కు ఏడు నిమిషాలు, కిందికి దిగి రైలు కోసం నాలుగు, రైల్లో అయిదు, పైకెక్కి దారి పోల్చుకుని చేరడానికి ఇంకో ఆరు. మొత్తం ఇరవై రెండు. లైను మారాల్సి వస్తే ముప్పై. అది మరీ ఎక్కువేం కాదు, కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు అలసిపోయిన మనిషి ఈ మెట్లూ ఈ మార్పులూ తలుచుకుని ‘వద్దులే, ఇక్కడే ఎక్కడో కూర్చుందాం’ అంటాడు. అలా అనిపించని దూరమే మనకు కావలసింది. కాబట్టి మెట్రో మీద ఆధారపడే హోటల్‌కు మూడు షరతులు పెడతాను: లైను మారకూడదు, స్టేషన్ నుంచి నడక మూడు నాలుగు నిమిషాలు దాటకూడదు, స్టేషన్‌లో లిఫ్టు ఉండాలి.

మూడో అభ్యంతరం గది గురించి. ఊరి నడుమ భవనాలు పాతవి, గదులు ఇరుకు, కింద వీధిలో రాత్రి దాకా మాటలు, తెల్లారకముందే సరుకుల బళ్లు. ఇవన్నీ నిజాలే, చాలామందికి మంచి నిద్ర లేకపోతే ప్రయాణమే చెడుతుంది. వీటికి పరిష్కారం దూరం పోవడం కన్నా సరిగ్గా అడగడంలో ఉంది. వియన్నా పాత భవనాలు చాలావాటికి లోపల ఒక ముంగిలి ఉంటుంది. వీధి వైపు గది వద్దు, ముంగిలి వైపు గది కావాలని బుకింగ్ చేసేటప్పుడే రాస్తే, వీధికి పదడుగుల దూరంలోనే పల్లెలో ఉన్నంత నిశ్శబ్దం దొరకవచ్చు. ఏసీ అన్ని పాత హోటళ్లలో ఉండదు, జులై, ఆగస్టుల్లో వెళ్లేవాళ్లు అది తప్పకుండా చూసుకోవాలి. లిఫ్టు సంగతి ఇంకా జాగ్రత్తగా అడగాలి, ఎందుకంటే వియన్నాలో అంతస్తుల లెక్క వేరు. నేల అంతస్తు తర్వాత కొన్ని పాత భవనాల్లో ‘ఎత్తు నేల’ అనీ ‘మెజనీన్’ అనీ రెండు మెట్ల వరసలుంటాయి, ఆ తర్వాతే ‘ఒకటో అంతస్తు’ మొదలవుతుంది. ‘రెండో అంతస్తే, ఎక్కగలం’ అనుకున్న పెద్దవాళ్లు మన లెక్కలో నాలుగో అంతస్తు ఎక్కాల్సి వస్తుంది. లిఫ్టు ఉందని రాసినా, దాని దగ్గరికి చేరడానికి ముందు అయిదారు మెట్లు ఉన్నాయేమో అడగండి. ఇద్దరికి గది అంటే రెండు మంచాలు కలిపి వేసినది కూడా కావచ్చు. ముగ్గురికి గది అంటే మూడోది సోఫా కావచ్చు. గది చిన్నదైతే పెట్టెలు చిన్నవి తీసుకెళ్లాలి, అంతకుమించి చిన్న గదితో నాకు పేచీ లేదు.

ఇంకొందరి అభ్యంతరం వేరే రకం. ఊరి నడుమ ఉండేది పర్యాటకులూ, వాళ్లకు వస్తువులు అమ్మేవాళ్లూనే, అసలు ఊరు బయటి వార్డుల్లో బతుకుతోందని వాళ్లంటారు. ఆ మాటలో న్యాయముంది. అయితే మూడు రోజుల మనిషి బయటి వార్డులో పడుకోవడం వల్ల అక్కడి జీవితం తెలిసిపోదు. పొద్దున్నే మెట్రోకూ రాత్రి మెట్రో నుంచీ నడిచే ఆ దారి తప్ప అతనికి ఏమీ కనిపించదు. దీనికి ఎదురుగా, నడుమ ఉన్నవాళ్లకు ఊరు పర్యాటకులు లేనప్పుడు దొరుకుతుంది. కాలమానం తేడా వల్ల ఎలాగూ తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. జూన్‌లో అయిదింటికే తెల్లారిపోతుంది. ఆ వేళకు గ్రాబెన్ వీధిలోకి నడిస్తే నీళ్లు కొట్టి రాళ్లు కడిగేవాళ్లు, పనులకు పోయేవాళ్లు, రొట్టెల బట్టీ తెరిచేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పేరుకు తగ్గట్టే ఆ వీధి ఒకప్పటి కందకం. రోమన్ సైనిక శిబిరం విందొబోనా దక్షిణపు కందకాన్ని పూడ్చి వేసిన దారి అది. పదింటికి అక్కడ మనిషిని మనిషి తోసుకుంటూ నడవాలి. బయటి హోటల్ నుంచి వచ్చేవాళ్లు సరిగ్గా ఆ పదింటికే చేరతారు. ఇందులో మనం నిజంగా పట్టించుకోవాల్సిన బాధ్యత మరోటుంది: ఊరి నడుమ ఇళ్లను పర్యాటకులకు రోజువారీ అద్దెకు ఇచ్చేయడం వల్ల అక్కడి కాపురాలు బయటికి పోతున్నాయి. వియన్నా 2024 జులై నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా ఇంటిని ఏడాదికి 90 రోజులకు మించి అలా ఇవ్వకూడదని నియమం పెట్టింది. ఫ్లోరెన్స్ 2023లో పాత ఊళ్లో అలాంటి కొత్త అద్దెలను ఆపింది. ఊరి నడుమే ఉండాలనుకునేవాళ్లు ఎవరో కాపురమున్న ఇంటి బదులు, హోటల్‌గా కట్టిన హోటల్‌లోనే దిగడం సబబని నేననుకుంటాను.

ఈ పరీక్ష ప్రతి ఊళ్లోనూ ఒకే అంకె ఇవ్వదు. వెనిస్‌లో డబ్బు ఆదా కోసం చాలామంది వంతెన ఇవతలి మెస్త్రేలో దిగుతారు. రైల్లో పన్నెండు నిమిషాల లోపే, నిజమే. కానీ శాంతా లూచియా స్టేషన్‌లో దిగాక సాన్ మార్కో చౌకుకు ఇంకో అరగంట పైన నడక. వాటర్ బస్సు ఎక్కినా త్వరగా చేరలేరు. మధ్యాహ్నం తిరిగి రావడమనే మాట అక్కడితో అయిపోతుంది. అలాగని నేరుగా సాన్ మార్కో పక్కనే దిగితే పెట్టెలు మోసే గొడవ. నాలుగు వందల పైచిలుకు వంతెనలున్న ఆ ఊళ్లో దాదాపు ప్రతి వంతెనా మెట్లే. వాటర్ బస్సు రేవు నుంచి వంతెన దాటకుండా చేరే హోటల్ అయితే రెండు చిక్కులూ తప్పుతాయి. లిస్బన్‌లో మ్యాప్ మీద 500 మీటర్లు కనిపించేది అల్ఫామాలో నిలువు మెట్ల దారి కావచ్చు. ప్రాగ్‌లో కోట పక్కన గది చాలా ముచ్చటగా ఉంటుంది, కానీ ప్రతి మధ్యాహ్నం చార్లెస్ వంతెన దాటి కొండ ఎక్కాలి. నడిచే మనిషికి పొడుగుతో పాటు ఎత్తు కూడా దూరమే. వారం పైన ఉండేవాళ్లకు, చంటిపిల్లలతో వంటగది కావాల్సినవాళ్లకు, కారు అద్దెకు తీసుకుని చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాళ్లకు ఈ లెక్క సడలించవచ్చు. వాళ్ల రోజులు ఎక్కువ, తొందర తక్కువ. తెల్లవారుజామున విమానం ఉంటే ఆ ఒక్క రాత్రి విమానాశ్రయం పక్కన పడుకోవడంలోనూ తప్పు లేదు.

వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మన పాస్‌పోర్టు వల్లే కొంత తేలిపోతుంది. షెంగెన్ వీసా అర్జీతో పాటు బస ఎక్కడో చూపించాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అర్జీ పెట్టుకోవచ్చు. అంటే ఊరి నడుమ మంచి గదులు ఇంకా మిగిలి ఉన్నప్పుడే వెతికే అవకాశం మనకు ఎలాగూ వస్తుంది. వీసా వస్తుందో రాదో తెలియదు కాబట్టి కొంచెం ఎక్కువైనా ఉచితంగా రద్దు చేసుకోగల రేటుకే బుక్ చెయ్యండి. రద్దుకు చివరి తేదీ వీసా నిర్ణయం వచ్చే తేదీ తర్వాత పడేలా చూసుకోండి. ‘అర్జీ కోసం ఏదో ఒకటి బుక్ చేద్దాం, తర్వాత మారుద్దాం’ అని చవక హోటల్ పెట్టినవాళ్లు చాలాసార్లు ఆ తర్వాత మార్చుకోరు, మార్చుకుందామంటే అప్పటికి గదులుండవు. స్థానిక పన్ను కొన్ని ఊళ్లలో హోటల్ దగ్గర విడిగా వసూలు చేస్తారు, ఆ వాక్యం కూడా చదివి పెట్టుకోండి.

చివరగా, మొదటి రోజూ ఆఖరి రోజూ. విమానం చాలాసార్లు పొద్దున్నే దించుతుంది, గది మాత్రం మధ్యాహ్నం రెండింటికో మూడింటికో ఇస్తారు. వెళ్లే రోజున పదకొండింటికి ఖాళీ చేయాలి, రైలు ఏ సాయంత్రమో ఉంటుంది. ఈ రెండు ముక్కలూ కలిపితే మూడు రోజుల ప్రయాణంలో దాదాపు ఒక పగలు. దాదాపు ప్రతి హోటలూ పెట్టెలు దాచిపెడుతుంది, కానీ దూరపు హోటల్‌లో పెట్టిన పెట్టె కోసం మళ్లీ అంత దూరం వెళ్లి రావాలి కాబట్టి జనం లాబీలోనే కూర్చుండిపోతారు. నడుమ దిగినవాళ్లు పెట్టె కౌంటర్లో ఇచ్చి, మొహం కడుక్కుని, చేతిలో ఏమీ లేకుండా వీధిలోకి నడుస్తారు. ఆఖరి రోజు కూడా అంతే. మ్యూజియంలో చూడకుండా మిగిలిన ఒక గది చూసి, పెరుగూ పళ్లూ కొనుక్కుని, నాలుగింటికి వచ్చి పెట్టె తీసుకుంటారు.